ఖాళీ బండి బరువు

మీంజూరు దాటాక ఎడమ చేతి వైపు మా కాటా.
అరవంలో 'ఎడై మేడై' అని బోర్డు,
డ్రైవర్ల నోట మాత్రం ధర్మకాటా.
ధర్మం ఇక్కడ అరవై టన్నుల దాకా తూగుతుంది,
ఆ పైన ఎర్ర అంకెలు మిణుకుమని ఆరిపోతాయి.

నిన్న కల్యాణమండపంలో మీటింగు.
పెళ్ళికొడుకు కూర్చునే చోట ప్రొజెక్టర్ పెట్టారు.
చొక్కా మడత చెడని కుర్రాడొకడు
మా ఊరిని గోడ మీద పరిచాడు:
నీలం రంగులో గోదాములు,
పసుపులో రైలు పట్టాలు,
ఆకుపచ్చ కూడా ఉంది, అదేమిటో చెప్పలేదు.
ఓడ దిగిన పెట్టె
నాలుగు గంటల్లో మనల్ని దాటిపోతుంది, అన్నాడు.
మనల్ని దాటిపోతుంది.
సంతోషంగానే అన్నాడు ఆ మాట.

ఇప్పుడెలా ఉందో చెప్తాను.
హార్బరు గేటు దాకా బళ్ళ వరస,
మామూలుగా రెండు రోజులు, తుపానంటే అయిదు.
ఆగిన చక్రాల చుట్టూనే ఊరు మొలిచింది.
నిలబడ్డ బండికే దేశమ్మ ఇడ్లీ ఉడుకుతుంది,
నిలబడ్డ బండికే ఖాజావలి టార్పాలిన్ కుట్టిస్తాడు,
బకెట్టు నీళ్ళు పదిహేను రూపాయలు,
ఫోను చార్జింగు పది.
గజలక్ష్మి, ఆమె ఆడబిడ్డ
రాలిన మొక్కజొన్నకో చీపురు, రాలిన బొగ్గుకో చీపురు
పట్టుకుని తెల్లారకముందే వస్తారు.
ఏ కాగితంలోనూ లేని ఆ లెక్క
కిలో తేడా లేకుండా నాకు తెలుసు,
మూట కట్టాక నా దగ్గరే తూచుకుంటారు, ఊరికే.

దేశమ్మ లేచి నిలబడింది.
"బండి ఆగకపోతే నా ఇడ్లీ ఎవురు తింటారు నాయనా?"
అందరూ నవ్వారు.
కుర్రాడు నవ్వలేదు, శ్రద్ధగా రాసుకున్నాడు:
ఫుడ్ కోర్టు.

నేను దేశమ్మ పక్షమే.
రాత్రి పదకొండింటి దాకా.

పదకొండింటికి పెంచలయ్య వచ్చాడు,
చీమకుర్తి నల్లరాయి, ముప్పై ఎనిమిది టన్నులు.
మూడు రాత్రులు స్టీరింగు మీదే తల.
పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.
మనిషి గుట్టుగా చేసే పనులన్నీ
టైరు చాటున, నడిరోడ్డున.
చీటీ తీసుకుని పోకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు.
"అక్కా, స్నానానికి గదులు కట్టిస్తారంటగా?"
అంటున్నారు, అన్నాను.
"తలుపుంటదా?"

ఏం చెప్పాలో తోచక
చీటీ మీద ముద్ర రెండోసారి వేశాను.

పందొమ్మిదేళ్ళుగా నా పని తీసివేత.
ముందు ఖాళీ బండి, తరవాత నిండు బండి,
మధ్యనున్నదే సరుకు.
మా ఊరిని ఖాళీగా ఎవరూ తూచి పెట్టుకోలేదు.
నా కుర్చీ కింద ఒకప్పుడు ఉప్పుమడి ఉండేదట,
ఈ కాటా వచ్చినప్పుడు కూడా
ఇదే మండపంలో కాఫీ ఇచ్చారట.
ఉప్పు మోసినవాళ్ళు ఎటు పోయారని
మా నాన్నని అడిగితే
"పోయినారులే" అనేవాడు,
దిక్కు చెప్పేవాడు కాదు.

వాళ్ళిచ్చిన కాగితం గల్లాపెట్టెలో ఉంది.
అవును అని ఒక గడి, కాదు అని ఒక గడి,
అభిప్రాయానికి మూడు గీతలు.
మొదటి గీత మీద 'తలుపు' అని రాశాను.
రెండో దాని మీద 'చీపుళ్ళు రెండు' అని రాసి
చదువుకుంటే నాకే పిచ్చిరాతలా కనబడింది.
కొట్టెయ్యలేదు.
గళ్ళు రెండూ ఇంకా ఖాళీ.

పెంచలయ్య బండి కదిలింది.
బండి దిగాక అంకె సున్నాకి రావాలి.
ఇరవై కిలోల దగ్గర ఆగింది.
వాన బురద. ఎప్పుడూ ఉండేదే.
టార్చి వెతుక్కుని
మెట్లు దిగాను.